నారింజల సంచీ

గ్రిమ్స్‌బీలో మా ఆఫీసు
పందేల దుకాణం పైన.
మెట్లు పదిహేడు.
నడుం విరిగినవాళ్ళు, మోకాలు నలిగినవాళ్ళు
ఆ పదిహేడూ ఎక్కే రావాలి నా దగ్గరికి.
లిఫ్టు లేదని ఇంతవరకూ ఎవరూ దావా వేయలేదు.

బల్ల మీద ఒక పుస్తకం ఉంటుంది.
ఒంట్లో దేనికెంతో అందులో రాసి ఉంటుంది.
చూపుడువేలుకి ఇంత, చిటికెనవేలుకి ఇంత,
కుడిచేతి వాటంవాళ్ళకి కుడిచెయ్యి కాస్త ప్రియం.
కబేళాలో కూడా ఇంత వివరంగా ఉండదు ధరల పట్టీ.

బెరిల్ డ్రూరీది నడుము.
చేపల ఫ్యాక్టరీ, రాత్రి షిఫ్టు,
చేతుల్లో కాడ్ చేపల పెట్టె, పైన కారే గొట్టం, కింద మంచునీళ్ళు.
గొట్టం కారుతోందని మూడుసార్లు చెప్పిందట.
మూడుసార్లూ నోటిమాటే.
"కాగితం మీద?" అన్నాను.
"తడిచేతుల్తోనా?" అంది.

గెలవకపోతే ఫీజు లేదు, మా బోర్డు మీద ఉన్నదదే.
గెలిస్తే నాలుగోవంతు నాది.
అది కొంచెం చిన్న అక్షరాల్లో.
ఆమె కళ్ళజోడు తుడుచుకుని
ముందు దాన్నే చదివింది.

రెండేళ్ళు నడిచింది. ముగ్గురు డాక్టర్లు.
మావాడు విరిగిందన్నాడు,
వాళ్ళవాడు అరిగిందన్నాడు,
మూడో ఆయన ఇద్దరి రిపోర్టులూ చదివి
వయసన్నాడు.

మార్చిలో లీడ్స్ నుంచి కవరొచ్చింది,
ఇన్సూరెన్సు వాళ్ళ లాయర్ల దగ్గర్నుంచి.
లోపల ఒక డిస్కు. మనిషిని పెట్టి,
ఎదురు సందులో వ్యాను ఆపి తీయించిన వీడియో.
ఇలాంటివి చాలా చూశాను.
ఊతకర్ర వదిలి బంతిని తన్నినవాణ్ణి,
మెడపట్టీ విప్పి పెళ్ళిలో చిందేసినావిణ్ణి.
నిజం చెప్పొద్దూ, మీట నొక్కేముందు
నా గుండెల్లోనూ రాయి పడింది.
ఆమె పక్కనే కూచుంది, కోటు విప్పకుండా.

సూపర్‌మార్కెట్ ముందు కార్లు. గాలి.
నారింజల సంచీ రెండు చేతులా ఎత్తింది బెరిల్.
కింద తెల్ల అంకెల్లో ఆగస్టు తేదీ, టైము.
పక్కనుంచి ఒకాయన వచ్చాడు,
టోపీ ఎగిరింది,
ముసలి పరుగు నాలుగడుగులు తీసి
దాన్ని బూటుకాలితో తొక్కి పట్టాడు,
తొక్కిన టోపీనే నెత్తిన పెట్టుకుని
ఆమెకో సలాం కొట్టాడు.
ఆమె నవ్వింది. వంగి మరీ నవ్వింది.
లీడ్స్ వాళ్ళకి కావలసింది ఆ వంగడమే.

కలం తీశాను.
సంచీ బరువెంత, ఆ పూట మాత్ర వేసుకుందా,
ఆ రాత్రి ఎలా గడిచింది…
బెరిల్ తెర మీంచి కళ్ళు తీయలేదు.
"అది రెజ్," అంది.
"అక్టోబరులో పోయాడు."
కాసేపాగి,
"ఫోటోలంటే గిట్టదు ఆయనకి. పెళ్ళినాడు కూడా
తల తిప్పేశాడు. ఆయన నడుస్తూ ఉన్నది
మా ఇంట్లో ఒక్కటీ లేదు."

మళ్ళీ వెయ్యమంది.
వేశాను.
నా గంట ఖరీదెంతో ఆమెకి తెలుసు.
ఇంకోసారి, అంది.

మేలో రాజీ కుదిరింది.
అడిగినదాంట్లో మూడోవంతు, ఆ నారింజల పుణ్యమా అని.
అందులో నా నాలుగోవంతు తీసుకున్నాను.
తీసుకోలేదని రాస్తే పద్యం బాగుండేది గానీ,
తీసుకున్నాను.

సంతకాలప్పుడు ఆమె అడిగింది ఒక్కటే,
ఆ డిస్కు.
అది ప్రతివాది సాక్ష్యం. ఆరేళ్ళు ఫైల్లో ఉండి
తర్వాత ముక్కలవ్వాలి.
లీడ్స్‌కి ఉత్తరం రాశాను.
ఏ పద్దు కిందా చూపించని ఉత్తరం
నా సర్వీసులో అదొక్కటే.
జవాబు రెండు లైన్లు: అభ్యంతరం లేదు.
పోస్టు ఖర్చు మీది.

వ్యానులో కూచుని తీసినవాడెవరో నాకు తెలీదు.
రోజుకింతని కూలి.
ఆమె నడుం అబద్ధమని రుజువు చేయడానికి వచ్చినవాడు
టోపీ ఎగిరినప్పుడు మాత్రం
కెమెరాని ఆమె మీంచి తప్పించి
ఆయన వెనక పరిగెత్తించాడు,
దావాకు ఎందుకూ కొరగాని తొమ్మిది సెకన్లు.
ఎందుకో అతనికే తెలియాలి.

బెరిల్ మా పదిహేడు మెట్లూ దిగింది,
కమ్మీ పట్టుకుని,
ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆన్చి,
డిస్కు కోటు లోపలి జేబులో.
ఆ దిగడం ఎవరైనా వీడియో తీసి ఉండాల్సింది,
మా పక్షాన.